మొయ్యనన్న మనిషి

మొన్న మా వాయిలేవు బడి ఆవరణలో సభ పెట్టారు. గిర్మిట్ కాగితం, అంటే అయిదేళ్ళ కూలి ఒప్పందం మీద వేలిముద్ర వేసి, చెరకు పనికి ఓడెక్కి ఈ దీవులకి వచ్చిన పెద్దల్ని తలుచుకునే సభ. ఈ చుట్టుపక్కల ఇంకా ఊపిరితో ఉన్నవాళ్ళం నలుగురం. మమ్మల్ని ముందు వరసలో కుర్చీలేసి కూర్చోబెట్టారు. సువా నుంచి వచ్చిన లాయరొకాయన మైకు పట్టుకుని, సగం హిందీ సగం ఇంగ్లీషులో, మన పెద్దలు ఈ దేశాన్ని చిరునవ్వుతో తమ భుజాల మీద మోశారు అన్నాడు. చప్పట్లే చప్పట్లు.

చిరునవ్వుతోనట!

నేను లేచి బయటికి వచ్చేశాను. కోడలు వెనకాలే పరిగెత్తుకొచ్చింది. "కా భయా మావయ్యా, ఒంట్లో బాగాలేదా?" అంది.

"ఒళ్ళు బాగానే ఉందమ్మా. ఆ మాట వినడానికే బాగాలేదు" అన్నాను.

ఇంటికొచ్చి ఈ కాగితాలు ముందేసుకున్నాను. మోశారట. మోయించారు అనాలి. మొయ్యను అన్నవాడు కూడా ఒకడు ఉన్నాడు. ఆయన గురించి ఏ సభలోనూ ఎవరూ చెప్పరు. పేరు నేనూ రాయను. రాస్తే వచ్చే ఏడు ఆ పేరు పలక మీద చెక్కించి దాని మీద దండ వేస్తారు. ఆయనకి దండలు పడవు. నాకు కులంబర పేరు కూడా రాయాలని లేదు, ఆ ఎస్టేటు పేరు కూడా. తెల్లదొర ఓవర్సీరుని మేము కులంబర అనేవాళ్ళం. ఆ మాట చాలు వాడికి.

నేను ఓడ దిగి ఆ ఎస్టేటు కూలీ లైన్లలోకి, అంటే కూలీలుండే గదుల వరసల్లోకి, వచ్చేసరికి ఆయన అక్కడ మూడేళ్ళ పాతకాపు. నాకంటే పదేళ్ళు పెద్ద. విజయనగరం వైపు మనిషి. నేను నాలుగు అక్షరాలు చదువుకున్నాననీ, కచేరీలో గుమాస్తా పనని చెప్పి నన్ను ఓడెక్కించారనీ తెలిసి కడుపు పట్టుకుని నవ్వాడు. "ఇదిగో పంతులూ, నీ కలం" అని చెరకు నరికే కత్తి నా చేతిలో పెట్టాడు. ఆ రోజు నుంచి నన్ను పంతులూ అనే పిలిచాడు. నేను అన్నా అనేవాణ్ణి.

ఆయన కుడి భుజం మీద కాడి మోసిన ఎద్దు మెడ మీద ఉన్నట్టు నల్లటి కాయ ఉండేది. మేము నరికిన చెరకు కట్టలు కట్టి, భుజానికెత్తి, చెరకు మోసే చిన్న రైలు దగ్గరికి తీసుకుపోయి, వాలుగా పెట్టిన బల్ల మీదుగా ఎక్కి పెట్టెలో పడెయ్యాలి. వాన పడిందంటే ఆ బల్ల జారుడుగా ఉండేది. ఒకసారి సర్దారు, అంటే మా మీది మేస్త్రీ, వెనకనుంచి తొందరపెట్టి తోస్తే ఆయన కట్టతో సహా పక్కకి పడ్డాడు. భుజం ఎముక తప్పుకుంది. ఆస్పత్రిలో రెండు రోజులు ఉంచి, గుడ్డ కట్టి, మళ్ళీ కట్ట కిందికే పంపారు. ఎముక సరిగా కూర్చోలేదు. ఆ తరవాత ఆ చెయ్యి చెవి దాకా కూడా లేవలేదు.

ఆయన తల దువ్వుకోవడం చూడాలి. దువ్వెన కుడిచేత్తో కదలకుండా పట్టుకుని, తలనే దువ్వెన దగ్గరికి తెచ్చి అటూ ఇటూ తిప్పేవాడు. లైన్లో ఆడవాళ్ళు చూసి నవ్వేవాళ్ళు. "నవ్వండమ్మా, నవ్వండి. దువ్వెన్ని దూడ నాకినట్టుంటాది గదా" అని తనూ నవ్వేవాడు. ఎడమచేత్తో దువ్వుకోవచ్చుగా అంటే, "ఇది నా సెయ్యి పంతులూ. పన్లోంచి తీసేత్తే ఇక అది వాళ్ళదయిపోద్ది" అనేవాడు.

గిర్మిట్ అయిదేళ్ళూ తీరి ఖుల్లా అయిన రోజున, అంటే కట్టు వదిలిన రోజున, ఆయన మొదట చేసిన పని నాకు గుర్తుంది. చెరకు గరుకు తగలకుండా భుజం మీద వేసుకునే గోనెపట్టా మడత ఒకటి ఉండేది ఆయనకి. చెమటకీ నెత్తురుకీ అట్టకట్టి చెక్కలా అయింది. దాన్ని పొయ్యిలో పెట్టి ఆ మంట మీద చాయ్ కాచాడు. లైనంతా కంపు. నాకో గిన్నె ఇచ్చి తాగమన్నాడు.

"ఇక ఈ బుజం మీద నాను తువ్వాలు గూడా ఎయ్యను" అన్నాడు.

వెయ్యలేదు. తువ్వాలు నడుముకి చుట్టుకునేవాడు. ఒక పెళ్ళిలో మర్యాదకి కొత్త కండువా కప్పబోతే, భుజానికి తగలకముందే రెండు చేతులా అందుకుని, తలే కిందికి వంచి కళ్ళకద్దుకుని నడుముకి కట్టుకున్నాడు. పెళ్ళివాళ్ళు చిన్నబుచ్చుకున్నారు. ఆయన లెక్కచెయ్యలేదు.

నదికి ఇవతల ఒడ్డున కొంచెం నేల కౌలుకి తీసుకుని వరి వేశాడు. రెండు పంటలు తీసి, నేల కొలిచే దొర ఒకడు దేశం వదిలిపోతుంటే అతని పాత సైకిలు కొన్నాడు. కూలీ సైకిలు కొనడం అంతవరకూ మేమెవరం చూడలేదు. ఆ సైకిలుకి బ్రేకు లేదు, గంట మాత్రం ఊరంతా వినిపించేది. వెదురు బద్దలతో దానికి వెనకాల చట్రం కట్టాడు. ఈ దీవుల సొంత మనుషులు, కాయివీతీల ఊరికి పోయి, వావు చెట్టు నారతో తాడు పేనడం నేర్చుకొచ్చి, చక్రానికి అటొకటీ ఇటొకటీ రెండు బుట్టలు వేలాడదీశాడు.

"సూడు పంతులూ. కావిడే ఇది. బద్ద నాది, బుజం దీనిది."

సరుకు సర్దడం ఆయనకి పూజ చేసినంత పని. బియ్యం, ఉప్పు, పప్పు అన్నిటికంటే కింద, ఇరుసుకి పక్కన. అటెంతో ఇటూ అంతే. చేత్తో ఒక్కో బుట్టనీ కొంచెం ఎత్తి వదిలి, చెవి ఒగ్గి వినేవాడు, తేడా చప్పుడులో తెలుస్తుందనేవాడు. నూనె సీసాలు గడ్డిలో చుట్టి మధ్యన నిలబెట్టాలి. తేలికవి పైన. హాండిలుకి చేతిసంచీ కూడా తగిలించకూడదు. తగిలిస్తే చక్రం తన మాట వినదట. ఇక ఒంటి మీదా, మెడకీ, భుజానికీ ఏమీ ఉండకూడదు. ఎవరైనా వీపుకి మూట కట్టుకుని వెళ్తుంటే సైకిలు ఆపి మరీ తిట్టేవాడు. "దించరా! బరువు కిందికి దించు! నేల మొయ్యాల్సింది నువ్వెందుకు మోత్తావు?" బురద తోవలో ఎక్కి తొక్కడం కుదరకపోతే దిగి పక్కన నడిచేవాడు. "నడిపిత్తాను గానీ మొయ్యను" అనేవాడు.

ఆదివారాలు మా లైన్లకి వచ్చేవాడు. వారమంతా పార పట్టిన ఆడవాళ్ళు ఆ ఒక్క రోజున బజారుకి నడిచి వెళ్ళి, వారం సరుకు నెత్తిన ఒకటి, భుజాన ఒకటి, చంకన బిడ్డతో తెచ్చుకునేవాళ్ళు. ఆయన వచ్చాక చేతులూపుకుంటూ నడిచి వచ్చేవాళ్ళు. ఆ మూటలన్నీ ఆయన బుట్టల్లో వచ్చేవి. ఎవరైనా ఇంత బువ్వ పెడితే తినేవాడు, లేకపోతే లేదు. చేతులూపుకుంటూ వస్తున్న ఆడవాళ్ళని చూసి కులంబరకి ఒళ్ళు మండేదని నాకు తెలుసు. ఎందుకు తెలుసంటే, అప్పటికి నేను వాడి పక్కనే నిలబడే మనిషిని.

అది కూడా చెప్పాలి. ఏడాదిలో నాకు హిందుస్తానీ వచ్చేసింది. కొత్తగా వచ్చే తెలుగువాళ్ళకి ఆ మాట రాదు. కులంబర నన్ను చెరకులోంచి తీసి దుబాసీగా పెట్టుకున్నాడు. కత్తి పోయింది, ఎండ పోయింది. వాటికి బదులు నా నోరు వాడికిచ్చాను.

ఆయనకి హిందుస్తానీ బ్రహ్మాండంగా వచ్చు. బజార్లో బేరాలాడేవాడు, నంగోనా అనే వేరు కషాయం గిన్నె చుట్టూ కూర్చుని పాటలు పాడేవాడు. కానీ కులంబర ఎదురైతే ఒక్క ముక్క తెలియనట్టు ముఖం పెట్టి, "తెలుగులో సెప్పమను" అని నాకేసి చూసేవాడు. ఎందుకన్నా ఈ నాటకం అని అడిగాను.

"దొర తిట్టు నీ నోట్లో పడి నా కాడికి వొచ్చీసరికి కాసింత సల్లారతాది పంతులూ. అందుకు" అన్నాడు.

నా మీద అంత నమ్మకం ఆయనకి.

ఒక రోజు ఆయన గంట కొట్టుకుంటూ మలుపు తిరిగేసరికి ఎదురుగా కులంబర గుర్రం. గుర్రం బెదిరి ముందుకాళ్ళు లేపింది. వాడు పడలేదు గానీ టోపీ కాలవలో పడింది. పక్క మడిలో పార పని చేస్తున్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు. అంతే జరిగింది. ఆయన సైకిలు దిగి, కాలవలోంచి టోపీ తీసి, నీళ్ళు దులిపి ఇచ్చాడు కూడా. వాడు టోపీ తీసుకున్నాడు. ఆ నవ్వు మాత్రం తీసుకోలేకపోయాడు.

తరవాతి ఆదివారం వాగు మీద రైలు వంతెన దగ్గర కాపు కాశాడు. సైకిలుతో లైన్లకి పోవడానికి అదొక్కటే తోవ. గుర్రం మీద వాడు, కింద నేను, ఇద్దరు సర్దార్లు. అవతల గట్టు మీద, ముందే నడిచి వచ్చేసిన ఆడవాళ్ళు సరుకు కోసం నిలబడి ఉన్నారు. ఆయన నిండు బుట్టలతో సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు.

కులంబర నాతో హిందుస్తానీలో అన్నాడు: ఈ కూలీగాడి చక్రాలు ఎస్టేటు నేల మీద ఆనకూడదు. అవతలికి పోవాలంటే సైకిల్ని, దాని మీదున్న సరుకుతో సహా, భుజాన వేసుకుని పొమ్మను. చెప్పు.

నేను చెప్పాను. ఎలా చెప్పాను? "ఒరే, సైకిలు భుజానేసుకుని పోరా. చక్రం కింద పెట్టావంటే ఊరుకోను" అన్నాను. పదేళ్ళు పెద్దవాణ్ణి, అన్నా అని పిలిచినవాణ్ణి, 'రా' అన్నాను. చల్లార్చడం మాట అటుంచి, వాడు అనని వేడి కూడా కలిపాను. కులంబరకి తెలుగు రాదు. నేను గట్టిగా అంటున్నానని వాడికి తెలియాలి కదా! అందుకు.

ఆయన వాడికేసి చూడలేదు. నాకేసే చూశాడు.

"నువ్వేనా అన్నావు?"

"నేను కాదు... దొర."

"నోరు నీదే గదా." తరవాత నెమ్మదిగా, ఒక్కొక్క మాటా నొక్కి అన్నాడు. "సరే, సెప్పు దొరకి. అయిదేళ్ళు ఈ బుజం అమ్ముకున్నాను. ఆ అయిదేళ్ళు అయిపోనాయి. ఇప్పుడీ బుజం నాది. దీని మీద నాను ఏటీ మొయ్యను. సైకిలూ మొయ్యను, దొర మాటా మొయ్యను."

నేను కులంబర వైపు తిరిగాను. "భుజం నొప్పిగా ఉందంటున్నాడు సాహెబ్" అన్నాను.

వాడి తిట్టుని పెంచి ఆయనకిచ్చాను. ఆయన మాటని చంపి వాడికిచ్చాను. ఇన్నేళ్ళయినా నాకు నా మీద అసహ్యం పోకపోవడానికి కారణం ఆ రెండు వాక్యాలే.

ఆయన ముఖం ఎర్రబడింది. ఒక్క అడుగు ముందుకు వేసి, జన్మలో మొదటిసారి కులంబరతో తనే హిందుస్తానీలో మాట్లాడాడు. "దరద్ నహీ సాహెబ్. కంధా హమార్ హై." నొప్పి కాదు, భుజం నాది. ఆ గట్టు మీదున్న ఆడవాళ్ళందరికీ వినపడింది.

కులంబర కొరడా తీశాడు. ఎక్కడ కొట్టాలో వాడికి తెలుసు. కుడి భుజం మీదే కొట్టాడు, మూడు సార్లు. సర్దార్లు సైకిల్ని బుట్టలతో సహా వాగులోకి తోశారు. బియ్యం నీళ్ళలో తెల్లగా విచ్చుకుంటూ పోయింది. ఒక వారం తిండి అది, ఎనిమిది పొయ్యిలది. ఆయన వాగులోకి దిగి సైకిలు బయటికి లాగడానికి ఒంటిచేత్తో తంటాలు పడుతుంటే నేను గట్టు మీదే నిలబడ్డాను. అవతలి గట్టు నుంచి ఆడవాళ్ళు చీరలు ఎగ్గట్టి నీళ్ళలోకి దిగారు. నేను దిగలేదు.

అక్కడితో అయిపోతే బాగుండేది. కులంబర కేసు పెట్టాడు. ఎస్టేటులో చొరబడ్డాడనీ, తిట్టాడనీ, కొట్టడానికి కుడిచెయ్యి ఎత్తాడనీ. మేజిస్ట్రేటు నన్ను సాక్షిగా పిలిచాడు.

"ఇతను చెయ్యెత్తాడా?" అని అడిగాడు.

ఆ చెయ్యి లేవదు. ఆ విషయం నాకంటే బాగా తెలిసినవాడు ఆ గదిలో లేడు. ఆయన దువ్వెన ఎలా పట్టుకుంటాడో, అన్నం ముద్దకి నోరు ఎలా వంచుతాడో రెండేళ్ళు చూసినవాణ్ణి. "అయ్యా, ఆ చెయ్యి లేవదు" అనే నాలుగు మాటలు చాలు. కులంబర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నా గిర్మిట్ ఇంకా రెండేళ్ళుంది.

"నేను అటు చూడలేదండి" అన్నాను.

ఆయన తనే చెప్పుకున్నాడు, లేవదని. ఎత్తి చూపించమన్నారు. ఎత్తబోయాడు. ఛాతీ దాకా వచ్చి ఆగింది, వణికింది. నాటకమన్నాడు కులంబర. గదిలో నవ్వారు. నెల రోజులు జైలు వేశారు. జైల్లో రోడ్డుకి రాళ్ళు మోయించారు, గంపలతో, భుజాల మీద. మొదటి రెండు రోజులూ మొయ్యనన్నాడట, కూడు ఆపారట. మూడో రోజు ఎత్తారు. ఆయన ఎత్తుకోలేదు, వాళ్ళే ఎత్తి పెట్టారు. తిరిగొచ్చేసరికి ఆ చెయ్యి పూర్తిగా చచ్చిపోయింది. పంచె ముడిలో దోపుకుని తిరిగేవాడు.

సైకిలు ఎక్కడం ఇక కుదరలేదు. ఎడమచేత్తో పట్టుకుని పక్కన నడుస్తూనే, ఆదివారం ఆదివారం సరుకు తెచ్చాడు. వంతెన ఇవతలే ఆగేవాడు, ఆడవాళ్ళు వచ్చి తీసుకునేవాళ్ళు. నేను ఒకసారి ఎదురుపడి "అన్నా" అన్నాను. ఆయన సైకిలు ఆపి, కొంచెం వంగి, "తమరు దుబాసీగారు గదండీ. ఏం సెలవండీ?" అన్నాడు. నన్ను కొట్టినా అంత బాధ ఉండేది కాదు.

ఆ ఏడు వానలకి, లైన్లలోనే నేను పెళ్ళాడిన నా భార్యకి మొదటి కాన్పు. రెండు రోజులు నొప్పులు పడింది, బిడ్డ తిరగలేదు. మంత్రసాని చేతులెత్తేసింది. వాగు పొంగి ఎద్దుబండి దిగడానికి లేదు. చెరకు సీజను కాదు, రైలు లేదు. పక్కింటావిడ నన్ను అడగకుండానే వంతెన దాటి వెళ్ళి ఆయన్ని పిలుచుకొచ్చింది. సైకిలుతో వంతెన దాటి లైన్లలోకే వచ్చేశాడు. ఆపడానికి ఏ సర్దారూ అడ్డం రాలేదు, ఆడవాళ్ళు ఇద్దరు పారలు పట్టుకుని ముందు నడిచారు.

బుట్టలు విప్పేసి, గడ్డి పరిచి, దుప్పట్లు మడతలేసి, కాళ్ళు ఆనడానికి వెదురు అడ్డం కట్టాడు. ఆవిణ్ణి ఎక్కించాడు. "తల్లీ, నన్ను పట్టుకోకు. బరువంతా కిందికి వొదిలీ. సక్రం మోత్తాది, నాను నడిపిత్తాను. బయ్యపడకు" అన్నాడు. అటొకరు ఇటొకరు ఆడవాళ్ళు పట్టుకున్నారు. వంతెన పలకల సందుల్లో చక్రం దిగకుండా, ఒంటిచేత్తో, రొప్పుతూ, ఆస్పత్రి దాకా నడిపించాడు. నేను వెనకాల నడిచాను. నన్ను ఏదీ పట్టుకోనివ్వలేదు.

తల్లీ బిడ్డా బతికారు. నేను బయటికొచ్చేసరికి ఆయన మెట్ల దగ్గర కూర్చుని చక్రాల బురద పుల్లతో గీకుతున్నాడు. నేను కాళ్ళ మీద పడబోయాను. కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు.

"మీ కోసం రాలేదండీ" అన్నాడు. లేచి వెళ్ళిపోయాడు.

ఆ సోమవారం కులంబర కొత్తగా దిగిన తెలుగువాళ్ళని వరసలో నిలబెట్టి, ఒక తిట్టు తిట్టి, దాన్ని తెలుగులో చెప్పమన్నాడు. చెప్పనన్నాను. మళ్ళీ అన్నాడు. మళ్ళీ చెప్పనన్నాను. మధ్యాహ్నానికి నేను పాత మడిలో ఉన్నాను, నాటే చెరకు ముక్కల కట్ట భుజాన. మిగిలిన గిర్మిట్ అంతా అలాగే గడిచింది. దీన్ని ధైర్యం అనుకోవద్దు. ధైర్యం పనికొచ్చే రోజు ఎప్పుడో దాటిపోయింది.

నేను ఖుల్లా అయ్యేసరికి ఆయన ఈ వనువాలేవు దీవి వదిలి, పడవెక్కి, అవతలి దీవిలో నౌసోరి వైపు వరి పొలాలకి వెళ్ళిపోయాడు. కులంబర కూడా వాడి దేశానికి పోయాడు, మేజిస్ట్రేటు మారాడు. అయినా నేను కోర్టుకి వెళ్ళాను. వరండాలో బల్ల వేసుకుని కూర్చున్న గుమాస్తాకి నేను వచ్చిన పని చెప్పాను. ఫలానా కేసులో నా సాక్ష్యం అబద్ధం, దాన్ని మార్చి రాయాలి అన్నాను.

"ఆ కేసు ముగిసిపోయింది. దానికి కాగితం ఉండదు" అన్నాడు.

"కాగితం లేకపోతే వినండి."

"వినడం నా పని కాదు."

అప్పుడు గట్టిగా అన్నాను. ఆ వరండాలో కూర్చున్న కూలీలు, పోలీసు, నౌకరు, అందరికీ వినపడేలా, తెలుగులో ఒకసారి, హిందుస్తానీలో ఒకసారి అన్నాను. "ఆయన చెయ్యెత్తలేదు. ఎత్తలేడు. నేను చూశాను. చూసి అబద్ధం చెప్పాను."

గుమాస్తా తలెత్తి చూశాడు. "అయిందా?" అన్నాడు. "తప్పుకో. నీ వెనకాల వాళ్ళున్నారు."